సర్ వాల్టర్ స్కాట్: జీవితం, నవలా రచన – తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో చరిత్ర నవలలంటే ఇష్టమున్నవాళ్లం కొందరం ఆదివారం సాయంత్రాలు కూర్చుని ఒక్కో నవలనూ అధ్యాయాల వారీగా చదువుకుంటూ ఉంటాము. కర్నూలు నుంచీ కడప నుంచీ కూడా అప్పుడప్పుడు మిత్రులు వస్తారు. వారిలో ఎక్కువమంది పాలెగాళ్ల మీదనో, కరువుల మీదనో, తమ ఊరి కోట మీదనో ఒక నవల రాయాలని మనసులో పెట్టుకున్న యువకులు. స్కాట్ నవలలు చదువుతున్న రోజుల్లో వారు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలనూ, నాకు తోచిన సమాధానాలనూ ఇక్కడ ఒకచోట చేర్చాను.

వాల్టర్ స్కాట్ ఎవరు? రెండు వందల ఏళ్ల కిందటి రచయితను ఇప్పుడు ఎందుకు చదవాలి?

స్కాట్ 1771 ఆగస్టు 15న స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో పుట్టి, 1832 సెప్టెంబరు 21న తాను కట్టించుకున్న అబట్స్‌ఫర్డ్ భవనంలో కన్నుమూశాడు. వృత్తిరీత్యా న్యాయవాది. మొదట కవిగా పేరు తెచ్చుకున్నాడు. 1814లో ‘వేవర్లీ’ అనే నవలను తన పేరు లేకుండా అచ్చు వేయించాడు. అంతకు ముందు కూడా పాతకాలపు కథలు నవలలుగా వచ్చాయి కానీ, వాటిలో మనుషులకు పాతకాలపు బట్టలు తొడిగేవారే తప్ప ఆ కాలపు ఆలోచనను తొడిగేవారు కాదు. ఒక మనిషి ఫలానా కాలంలో, ఫలానా చోట పుట్టినందువల్లనే అలా మాట్లాడతాడనీ, అలా భయపడతాడనీ, అలా తెగిస్తాడనీ కథలో చూపించి, చరిత్ర నవలకు ఒక పద్ధతిని ఏర్పరచినవాడు స్కాట్. ఫ్రాన్సులో బాల్జాక్, ఇటలీలో మంజోనీ, రష్యాలో పుష్కిన్ ఆయనను చదివే తమ దారి వెతుక్కున్నారు. ఆయనను చదవమని చెప్పడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఆయన రాసిన సరిహద్దు ప్రాంతానికీ మన సీమకూ పోలికలు చాలా దగ్గరగా ఉంటాయి. వాటి సంగతి కింద వస్తుంది.

ఆయన బాల్యం గురించి చెప్పండి. కుంటితనం పుట్టుకతో వచ్చినదా?

కాదు. ఏడాదిన్నర వయసులో జ్వరం వచ్చి కుడి కాలు చచ్చుబడింది. అది పోలియో అని ఇప్పటి వైద్యులు భావిస్తున్నారు. పట్నపు గాలి పడదని తల్లిదండ్రులు బిడ్డను శాండీనో అనే పల్లెలో ఉన్న తాతగారి పొలానికి పంపించారు. ఆ పొలం పక్కనే ఒక గుట్ట మీద స్మెయిల్‌హోమ్ అనే పాత బురుజు ఒంటరిగా నిలబడి ఉంటుంది. నడవలేని పిల్లవాడిని గొర్రెల కాపరులు ఎత్తుకుని ఆ గుట్ట మీద పచ్చికలో పడుకోబెట్టేవారు. ఇంట్లో మేనత్త జానెట్ పాత పాటలు చదివి వినిపించేది. నాయనమ్మ సరిహద్దు దొంగల కథలు చెప్పేది. బురుజు కళ్ల ముందు, దాని కథ చెవిలో, రెండూ ఒకేసారి ఆ పిల్లవాడికి అందాయి. గుత్తి కోట కింద ఇళ్లలో పెరిగినవారికి ఈ అనుభవం ఎలాంటిదో నేను చెప్పనవసరం లేదు. తరువాత ఆ కాలు కొంత బాగుపడి, కుంటుతూనే అయినా మైళ్ల కొద్దీ నడిచే శక్తి, గుర్రపు స్వారీ ఆయనకు అలవడ్డాయి.

న్యాయవాది రచయితగా ఎలా మారాడు?

మారలేదు, రెండు పనులూ చివరిదాకా కలిసే నడిచాయి. తండ్రి కూడా న్యాయ వృత్తిలో ఉన్నవాడే. ఆయన దగ్గరే దస్తావేజులు నకలు రాస్తూ స్కాట్ పని నేర్చుకున్నాడు. 1792లో అడ్వకేటు అయ్యాడు, 1799లో సెల్‌కర్క్ ప్రాంతానికి షెరీఫ్ డెప్యూట్ అనే న్యాయాధికారి పదవి వచ్చింది, 1806 నుంచి ఎడిన్‌బరో ఉన్నత న్యాయస్థానంలో క్లర్క్ ఆఫ్ సెషన్‌గా పనిచేశాడు. కోర్టులో ఒక మనిషి సాక్ష్యం చెప్పేటప్పుడు ఏది చెబుతాడో, ఏది దాస్తాడో, పక్కవాడు అదే సంగతిని ఎంత వేరుగా చెబుతాడో ఆయన ఏళ్ల తరబడి విన్నాడు. ఆయన నవలల్లో విచారణ సన్నివేశాలు అంత పట్టుగా ఉండడానికి కారణం ఇదే.

అయితే అసలు చదువు కోర్టు బయట జరిగింది. 1792 మొదలుకొని ఏడేళ్ల పాటు, ఏటా సెలవుల్లో రాబర్ట్ షార్ట్‌రీడ్ అనే మిత్రుడిని వెంటబెట్టుకుని లిడ్డెస్‌డేల్ లోయకు వెళ్లేవాడు. ఆ లోయలో బండి తిరిగే దారి కూడా లేదు. కాపుల ఇళ్లలో బస చేస్తూ, వారు పెట్టినది తింటూ, ముసలివాళ్ల నోట ఉన్న పాటలను సేకరించాడు. ఇంగ్లండుకూ స్కాట్లాండుకూ మధ్య ఉన్న ఆ సరిహద్దు నేల ఒకప్పుడు పశువుల దోపిడీలకూ, తరాల పగలకూ, చిన్న చిన్న కోటల దొరలకూ నెలవు. ఆ పాటలన్నీ వాటి గురించే. 1802, 1803 సంవత్సరాల్లో అవి ‘మిన్‌స్ట్రెల్సీ ఆఫ్ ది స్కాటిష్ బోర్డర్’ అనే పేరుతో పుస్తకాలుగా వచ్చాయి.

ఈ సందర్భంలో ఒక పల్లెటూరి తల్లి మాట నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. మార్గరెట్ లెయిడ్లా అనే ఆమె స్కాట్‌కు పాటలు పాడి వినిపించింది. అచ్చయిన పుస్తకం చూశాక, ఈ పాటలు పాడుకోవడానికి పుట్టినవే గానీ చదువుకోవడానికి కాదనీ, కాగితం మీద పెట్టి వాటిని పాడుచేశావనీ స్కాట్ ముఖం మీదే చెప్పింది. ఆమె అన్నది నిజమే. కానీ స్కాట్ రాసి పెట్టకపోతే వాటిలో చాలా పాటలు మనకు దక్కేవి కావన్నది కూడా నిజమే. మన దగ్గర తంబుర కథలు చెప్పేవారి నుంచి పాటలు రాసుకునే ప్రతి ఒక్కరూ ఈ రెండు నిజాలనూ మోయవలసి ఉంటుంది.

కవిగా అంత పేరు వచ్చాక నవలకు ఎందుకు వచ్చాడు?

1805, 1808, 1810 సంవత్సరాల్లో వచ్చిన ఆయన కథాకావ్యాలు వేల ప్రతులు అమ్ముడుపోయాయి. 1812లో బైరన్ కావ్యం రావడంతో పాఠకుల మనసు అటు మళ్లింది; తనకంటే బైరన్ మెరుగైన కవి అని స్కాట్ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. 1805 ప్రాంతంలో మొదలుపెట్టి కొన్ని అధ్యాయాలు రాసి, మిత్రుడికి నచ్చలేదని పక్కన పడేసిన ఒక నవల ఆయన దగ్గర ఉంది. చాలా కాలం తరువాత, చేపలు పట్టే సామాను కోసం ఒక పాత బల్ల సొరుగులు వెతుకుతుంటే ఆ కాగితాలు బయటపడ్డాయని ఆయనే రాసుకున్నాడు. అదే ‘వేవర్లీ’. 1814 జూలై 7న మూడు సంపుటాలుగా విడుదలైంది. మొదట వేసిన 1000 ప్రతులు కొద్ది వారాల్లోనే అయిపోయాయి.

నవలల మీద పేరు ఎందుకు వేసుకోలేదు?

ఆ రోజుల్లో నవల అంటే గౌరవం తక్కువ. న్యాయస్థానంలో పదవిలో ఉన్న మనిషి నవలలు రాస్తున్నాడంటే హోదాకు తగదని ఆయనకు అనిపించింది. కవిగా ఉన్న పేరు దెబ్బతింటుందన్న జంకు కూడా ఉంది. తరువాత తరువాత ఆ దాపరికం ఆయనకు సరదాగానూ మారింది. ‘వేవర్లీ రచయిత’ అన్న మాట మాత్రమే పుస్తకాల మీద ఉండేది. చాలామంది ఊహించారు, కానీ 1827 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో జరిగిన ఒక విందులో ఆయన స్వయంగా ఒప్పుకునేదాకా ఆ సంగతి బహిరంగం కాలేదు.

‘వేవర్లీ’కి ‘అరవై ఏళ్ల కిందటి మాట’ అని ఉపశీర్షిక ఎందుకు పెట్టాడు?

మా కూడికల్లో అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్న ప్రశ్న ఇదే.

ఆ నవల 1745లో పదవీచ్యుతులైన స్టూవర్ట్ రాజవంశం కోసం స్కాట్లాండ్ కొండ ప్రాంతపు తెగలు చేసిన తిరుగుబాటు గురించినది. ఆ తిరుగుబాటు 1746 ఏప్రిల్ 16న కలోడెన్ మైదానంలో అణగిపోయింది. నవల మొదలుపెట్టిన నాటికి అది అరవై ఏళ్ల కిందటి మాట. అంటే రచయిత కళ్లతో చూసినది కాదు, పూర్తిగా పుస్తకాల్లోకి వెళ్లిపోయినది కూడా కాదు. ఆ యుద్ధంలో పాల్గొన్న అలెగ్జాండర్ స్టూవర్ట్ అనే పెద్దమనిషి స్కాట్ తండ్రికి కక్షిదారు. బాలుడైన స్కాట్ ఆయన పక్కన కూర్చుని ఆ కథలన్నీ విన్నాడు. ఓడిపోయాక ఆయన తన ఇంటికి దగ్గరలోనే ఒక గుహలో దాక్కున్నాడు. ఇల్లు సైనికుల చేతుల్లో ఉంది. ఎవరికీ అనుమానం రాదని ఆయన చిన్న కూతురే ఆ గుహకు అన్నం చేరవేసేది. ఆ పిల్ల సైనికుల మధ్య నుంచే ఏమీ తెలియనట్టు నడిచి వెళ్లి రావాలి. నవలలో ఒక ముసలి దొర గుహలో దాక్కునే ఘట్టం ఈ జ్ఞాపకం నుంచే వచ్చింది. ఏ ప్రభుత్వ నివేదికలోనూ ఆ పిల్ల ఉండదు; విన్నవాడు చెబితే తప్ప మనకు తెలియదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాము. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1846లో జరిగింది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో ఉరితీసి, తలను కోట బురుజుకు ఏళ్ల తరబడి వేలాడదీశారు. స్కాట్ లెక్క ప్రకారం ఆ నవలకు తగిన సమయం 1906 ప్రాంతం. అప్పటికి ఆ తలను పిల్లలుగా చూసిన ముసలివాళ్లు రచ్చకట్టల మీద కూర్చుని ఉండాలి. మనకు పాటలు మిగిలాయి. ఆ పిల్లల జ్ఞాపకాలు మాత్రం మిగలలేదు. అలాంటప్పుడు ఈనాటి రచయితకు అందుబాటులో ఉన్న ‘అరవై డెబ్బై ఏళ్ల కిందటి మాట’ ఏది? నా సమాధానం: 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న మూడేళ్లు. ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. ఆ గుడారాలను చిన్నపిల్లలుగా చూసినవారు ఎనభై దాటిన వయసులో ఇప్పటికీ కర్నూలు వీధుల్లో ఉన్నారు. పదేళ్లు పోతే వారు ఉండరు.

ఆయన నవలల్లో కథానాయకులు ఎందుకంత సాదాసీదాగా ఉంటారు?

ఇది లోపమని చాలామంది అంటారు. నేను అలా అనుకోను. ఎడ్వర్డ్ వేవర్లీ పెద్ద వీరుడేమీ కాదు. పుస్తకాలు చదివి కలలు కనే కుర్రవాడు. ఇంగ్లీషు సైన్యంలో చేరి, స్కాట్లాండ్ వెళ్లి, తిరుగుబాటుదారుల ఆతిథ్యంలో చిక్కుకుని, ఇరుపక్షాలకూ మధ్య ఊగిసలాడతాడు. ఆ ఊగిసలాట వల్లనే పాఠకుడు రెండు శిబిరాల్లోకీ వెళ్లగలుగుతాడు. తిరుగుబాటును నడిపిన స్టూవర్ట్ యువరాజు చార్లెసే కథానాయకుడై ఉంటే ఒక పక్షం గుడారం మాత్రమే చూసేవాళ్లం. చరిత్రలో పేరున్న మహాపురుషులను స్కాట్ కథ నడిమధ్యలో నిలబెట్టడు. వారు ఒక పక్క నుంచి వచ్చి, కొన్ని పుటల సేపు ఉండి, వెళ్లిపోతారు. సామాన్యుడు వారిని చూసినట్టే మనమూ చూస్తాము. హంగేరీ విమర్శకుడు లూకాచ్ 1930లలో స్కాట్ గొప్పతనాన్ని వివరిస్తూ ముఖ్యంగా ఎత్తి చూపించినది ఈ మధ్యస్థ నాయకుడినే.

పాలెగాడి మీద నవల రాయాలనుకుని పాలెగాడినే నాయకుడిగా పెట్టుకున్న మిత్రులకు నేను ఇదే చెబుతుంటాను. పాలెగాడి దగ్గర కట్టుబడి బంట్రోతుగా ఉండి, తన ఇనాం భూమి పోతుందేమోనన్న భయంతో ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసుకుని నిలబడ్డ మనిషిని తీసుకోండి. పాలెగాడు అతని కళ్లకు ఎలా కనబడ్డాడో రాయండి.

ఆయన నవలల్లో మీకు అన్నిటికంటే నచ్చినది ఏది?

1818లో వచ్చిన ‘ది హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్’. ఎడిన్‌బరో పాత కారాగారానికి జనం పెట్టుకున్న పేరు అది. 1736లో జనం మీద కాల్పులు జరిపించిన పోర్టియస్ అనే కెప్టెన్‌కు మరణశిక్ష వాయిదా పడిందని తెలిసి, ఊరివాళ్లే జైలు తలుపులు కాల్చి, అతడిని బయటికి లాగి ఉరితీశారు. నవల ఆ అల్లరితో మొదలవుతుంది. కానీ ఆ మంటల వెలుగు లోంచి స్కాట్ మనలను పాలు, వెన్న అమ్ముకుని బతికే జీనీ డీన్స్ అనే రైతు పిల్ల దగ్గరకు తీసుకువెళతాడు.

జీనీ చెల్లెలు ఎఫీ పెళ్లి కాకుండా తల్లయింది. బిడ్డ కనబడకుండా పోయాడు. అప్పటి చట్టం ప్రకారం గర్భం సంగతి ఎవరికీ చెప్పకుండా దాచిన స్త్రీ బిడ్డ చనిపోయినా, కనబడకపోయినా ఆమె హంతకురాలి కిందే లెక్క. ఒక్కరికైనా చెప్పి ఉంటే ఆ చట్టం వర్తించదు. కాబట్టి ‘చెల్లెలు నాకు చెప్పింది’ అని జీనీ కోర్టులో ఒక్క మాట అంటే చాలు, ఎఫీ బతుకుతుంది. కానీ ఎఫీ చెప్పలేదు. దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం జీనీ వల్ల కాదు. నిజం చెబుతుంది, చెల్లెలికి ఉరిశిక్ష పడుతుంది. అప్పుడు ఆమె రాణి కాళ్ల మీద పడి క్షమాభిక్ష అడగడానికి ఎడిన్‌బరో నుంచి లండన్‌కు కాలినడకన బయలుదేరుతుంది. తన దేశంలో చెప్పులు లేకుండా నడిచి, ఇంగ్లండు గడ్డ మీద జనం వింతగా చూస్తారని మాత్రమే చెప్పులు తొడుక్కుంటుంది. ఆ చిన్న సంగతి దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మా అవ్వ కూడా ఊరి పొలిమేర దాటాకనే చెప్పులు వేసుకునేది. చెప్పులు అరగకుండా దాచుకోవడం కోసం.

రాణి ముందు జీనీ మాట్లాడిన మాటల్లో వాదన ఉండదు. చావు ఘడియ వచ్చినప్పుడు మనం మనకోసం చేసుకున్నది కాదు, ఇతరులకోసం చేసినదే తలచుకుంటామన్న అర్థంతో తన ఇంటి యాసలో చెబుతుంది. రాణి కరుగుతుంది. ఇది పూర్తిగా కల్పన కాదు. హెలెన్ వాకర్ అనే పేదరాలు తన చెల్లెలి కోసం నిజంగానే ఇలా లండన్‌కు నడిచి వెళ్లింది. ఆ సంగతి ఒక ఉత్తరం ద్వారా స్కాట్‌కు తెలిసింది. నవల వచ్చాక ఆయన ఆమె సమాధికి రాతి పలక చేయించి పెట్టించాడు.

యాసను నవలలో ఎలా వాడాడు?

కథనం అంతా శిష్ట ఇంగ్లీషులో ఉంటుంది. సంభాషణలు పాత్రల స్థాయిని బట్టి, ప్రాంతాన్ని బట్టి స్కాట్స్ పలుకుబడిలోకి వెళతాయి. స్కాట్‌కు ముందు నాటకాల్లో పల్లెటూరి యాస ఎక్కువగా నవ్వించడానికే వచ్చేది. ఆయన చేతిలో అది దుఃఖానికీ, ధర్మాగ్రహానికీ, భక్తికీ వాహనమైంది. ‘గై మానరింగ్’లో దొర తన భూమి మీద నుంచి వెళ్లగొట్టిన సంచార జాతుల తరఫున మెగ్ మెర్రిలీస్ అనే స్త్రీ దారి పక్క గట్టు మీద నిలబడి దొరను శపించే ఘట్టం చదివితే, ఆ మాటలను శిష్ట భాషలోకి మార్చితే ఏమీ మిగలదని తెలుస్తుంది.

సీమ రచయితలు దీనిని గమనించాలి. ‘వస్తున్నాడు’ అని కథనంలో రాసి, ‘వస్తాండాడు’ అని పాత్ర నోట పలికించినంత మాత్రాన పని పూర్తి కాదు. జేజి నోట వచ్చే సామెత, దేవుడి పేరు, తిట్టు, ఆగి ఆగి చెప్పే తీరు రావాలి. స్కాట్ పాత్రలు తమ వృత్తి మాటలతో ఆలోచిస్తాయి. గొర్రెల కాపరి గొర్రెల మాటలతో, న్యాయవాది లాటిన్ ముక్కలతో, మత పట్టుదల ఉన్న ముసలి కాపు బైబిలు మాటలతో మాట్లాడతారు.

ప్రతి అధ్యాయం మొదట ఉండే పద్యాలు ఎక్కడివి?

కొన్ని షేక్స్‌పియర్‌వి, కొన్ని జానపదాలు. ‘పాత నాటకం’ అని కింద రాసి ఉన్నవాటిలో చాలా భాగం స్కాట్ సొంతంగా అల్లినవే. కావలసిన పంక్తి పుస్తకంలో దొరకక విసిగి, వెతకడం కంటే రాయడమే తేలిక అనుకుని ఆ అలవాటు మొదలుపెట్టాడు.

మొదటి అధ్యాయాలు అంత నెమ్మదిగా ఎందుకు సాగుతాయి? వదిలేసి చదవవచ్చా?

ఈ ఫిర్యాదు న్యాయమైనదే. ‘వేవర్లీ’లో నాయకుడు స్కాట్లాండ్ చేరేసరికే ఓపిక సగం అయిపోతుంది. పైగా చాలా నవలలకు కల్పిత ప్రచురణకర్త ముందుమాట ఒకటి, కథ ఎలా దొరికిందో చెప్పే ఇంకొక కథ ఒకటి ఉంటాయి. మొదటిసారి చదివేవారు ముందుమాటలను దాటవేయవచ్చు. నేలను, రాజకీయ పరిస్థితిని వర్ణించే అధ్యాయాలను మాత్రం దాటవేయవద్దు. తరువాత జరిగే ప్రతి గొడవకూ వేరు అక్కడే ఉంటుంది.

‘ఓల్డ్ మోర్టాలిటీ’ ముందుమాటను మాత్రం ఏ కారణం చేతనూ వదలవద్దు. మతం కోసం ప్రాణాలిచ్చిన పాతకాలపు వాళ్ల సమాధుల దగ్గర ఒక ముసలివాడు మోకాళ్ల మీద కూర్చుని, రాయి మీద పట్టిన నాచును గీకి, అరిగిపోయిన అక్షరాలను ఉలితో మళ్లీ చెక్కుతూ ఉంటాడు. ఎవరూ డబ్బు ఇవ్వరు, ఎవరూ అడగలేదు. తెల్ల గుర్రం మీద ఊరూరా తిరుగుతూ జీవితమంతా అదే పని. రాబర్ట్ పేటర్సన్ అనే నిజమైన రాతి పనివాడిని చూసి ఈ పాత్రను దిద్దాడు. మన పొలాల గట్ల మీద పసుపు కుంకుమలు పూసుకుని, ఎవరివో తెలియకుండా నిలబడ్డ వీరగల్లుల పక్కన నిలుచుని ఈ పుటలు చదివితే గొంతు పట్టేస్తుంది.

చరిత్రను ఎంతవరకు మార్చాడు? అది తప్పు కాదా?

చాలాచోట్ల మార్చాడు. ‘కెనిల్‌వర్త్’లో 1575లో జరిగిన రాణి ఎలిజబెత్ ఉత్సవాల్లో ఏమీ రాబ్సార్ట్ కనబడుతుంది, నిజానికి ఆమె 1560లోనే చనిపోయింది. అదే నవలలో షేక్స్‌పియర్ అప్పటికే పేరున్న కవి. నిజానికి ఆ ఏడాది ఆయన పదకొండేళ్ల పిల్లవాడు. 1819 చివర వచ్చిన ‘ఐవన్‌హో’లో పన్నెండవ శతాబ్దం చివరి నాటికి కూడా సాక్సన్లు, నార్మన్లు రెండు శత్రు జాతులుగా విడిపోయి ఉన్నట్టు చూపించాడు; అంత విభేదం అప్పటికి లేదని చరిత్రకారులు ఎప్పుడో చెప్పారు. తేదీలు మార్చడాన్ని నేను క్షమించగలను, ఎందుకంటే ఆయన తన నవలల తరువాతి ముద్రణలకు రాసిన పీఠికల్లో, సూచికల్లో ఏది నిజమో ఏది కల్పనో చాలావరకు తానే చెప్పాడు. ఒక జాతి మనస్తత్వాన్ని మార్చి చూపితే మాత్రం అది పాఠకుల్లో తరతరాలు నిలిచిపోతుంది. ‘ఐవన్‌హో’ చదివిన ఇంగ్లండు తన మధ్యయుగాలను చాలా కాలం స్కాట్ కళ్లతోనే చూసింది. సీమ అంటే కత్తులు, కక్షలు మాత్రమే అన్న బొమ్మను కథలు ఎంత లోతుగా నాటాయో అనుభవించిన మనకు ఈ ప్రమాదం బాగా తెలుసు.

ఎంత వేగంగా రాసేవాడు?

తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఇంటిల్లిపాదీ అల్పాహారానికి వచ్చేలోపు ఆ రోజు రాతలో ఎక్కువ భాగం ముగించేవాడు. ‘వేవర్లీ’ చివరి రెండు సంపుటాలను 1814 వేసవిలో మూడు వారాల్లో రాశాడు. ఆయన అల్లుడు, జీవిత చరిత్రకారుడు లాక్‌హార్ట్ ఒక సంగతి రాశాడు. ఆ రోజుల్లో పక్క వీధిలోని ఒక ఇంట్లో కొందరు యువకులు విందు చేసుకుంటున్నారు. వారిలో ఒకడు ఉన్నట్టుండి ముఖం వాడిపోయి, చోటు మారుతానన్నాడు. ఎదురుగా కిటికీలోంచి ఒక చేయి కనబడుతోంది. ఆ చేయి కాగితం నింపుతుంది, పక్కన కుప్ప మీద వేస్తుంది, మరొకటి అందుకుంటుంది. దీపాలు వెలిగించినా ఆగదు. రోజూ అంతే. ఆ చేతిని చూస్తుంటే కూర్చోలేకపోతున్నానన్నాడు ఆ యువకుడు. అది స్కాట్ చేయి. ఆరోగ్యం బాగా చెడిన 1819లో నొప్పితో మెలికలు తిరుగుతూనే నవలలు చెప్పి రాయించాడు.

అప్పుల పాలయ్యాడంటారు, ఎలా?

ముద్రణాలయం నడిపే బాలంటైన్ సంస్థలో ఆయనకు రహస్య భాగస్వామ్యం ఉంది. ప్రచురణకర్త కాన్‌స్టేబుల్ అప్పు పత్రాలకూ బాలంటైన్ అప్పు పత్రాలకూ ముడిపడి ఉంది. ఇంకా రాయని నవలల మీద ముందుగానే సొమ్ము తీసుకుని అబట్స్‌ఫర్డ్ చుట్టూ పొలాలు కొన్నాడు. భూమి మీద ఆశ ఆయన బలహీనత. 1825 చివర లండన్‌లో వ్యాపార సంక్షోభం వచ్చి, 1826 జనవరిలో సంస్థలన్నీ కూలిపోయాయి. ఆయన నెత్తిన పడిన అప్పు దాదాపు 1,20,000 పౌండ్లు. దివాలా ప్రకటించుకుని తప్పుకునే దారి ఉన్నా ఒప్పుకోలేదు, రాసి తీరుస్తానన్నాడు. ఆ ఏడాది మే నెలలో భార్య షార్లెట్ చనిపోయింది. ఆ మధ్యలోనే నవలలు, తొమ్మిది సంపుటాల నెపోలియన్ జీవిత చరిత్ర, తన నవలలన్నిటికీ కొత్త పీఠికలు రాశాడు. పక్షవాతం వచ్చి చేతిరాత చెదిరిపోయినా మానలేదు. బతికుండగా చాలా భాగం తీర్చాడు. మిగిలినది ఆయన పోయాక పుస్తకాల హక్కుల మీద వచ్చిన సొమ్ముతో తీరింది. అప్పు ఇచ్చినవాడి ముఖం చూడలేక ఊరు వదిలే రైతులను చూసిన నేల మీద ఈ కథకు వివరణ అక్కరలేదు. ఆఖరి రోజుల్లో, కిటికీలు తెరిచి ఉంచిన గదిలో, ట్వీడ్ నది రాళ్ల మీద పారే చప్పుడు వినబడుతుండగా ప్రాణం విడిచాడు. డ్రైబరో మఠం శిథిలాల్లో సమాధి చేశారు.

ఆయన భారతదేశం గురించి రాశాడా? మన ప్రాంతంతో ఏమైనా సంబంధం ఉందా?

ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. 1827లో వచ్చిన ‘ది సర్జన్స్ డాటర్’ కథ మాత్రం స్కాట్లాండ్ పల్లెలో మొదలై మైసూరు రాజ్యంలో ముగుస్తుంది. అందులో హైదర్ అలీ ఫకీరు వేషంలో తిరిగి, చివరకు ద్రోహిని ఏనుగు కాళ్ల కింద తొక్కించి శిక్షిస్తాడు. మురారిరావు చేతిలోని గుత్తి కోటను ముట్టడించి పట్టుకున్న హైదర్ ఈయనే కాబట్టి మావాళ్లకు ఆ కథ మీద ప్రత్యేకమైన ఆసక్తి. స్కాట్ భార్య అన్నదమ్ముడు కంపెనీ కొలువులో సేలంలో ఉండేవాడు. ఇండియాలో పనిచేసి వచ్చిన మిత్రుల మాటలు కూడా ఆయనకు ఉపయోగపడ్డాయి. అయినా ఆ నవలిక బలహీనమైనదే. తాను నడవని నేల మీద స్కాట్ చెవి పనిచేయలేదు. లిడ్డెస్‌డేల్ ముసలివాళ్లు పలికినట్టు మైసూరు మనుషులు పలకరు.

ఇంకొక సంబంధం పరోక్షమైనది. దత్త మండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రో గ్లాస్గోవాడు. మన ఊళ్ల కైఫీయత్తులను, అంటే ఊరి చరిత్ర రాసిన పత్రాలను, సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లాండ్‌కు చెందిన లూయిస్ దీవివాడు. వీరంతా స్కాట్ కాలపువాళ్లే. పాటలూ, వంశాల కథలూ ముసలివాళ్ల నోట ఉండగానే రాసిపెట్టుకోవాలన్న తపన ఆ తరంలో ఆ దేశమంతటా ఉంది. మన చరిత్రలో కొంత భాగం ఆ తపన వల్లనే మనకు దక్కింది.

తెలుగులో ఆయన ప్రభావం ఉందా?

చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని ‘ఆంధ్రా స్కాట్’ అని పిలిచారంటే ఆ పేరు మనవారికి ఎంత గౌరవమో తెలుస్తుంది. బెంగాల్‌లో బంకించంద్రుడికి కూడా అలాంటి బిరుదే దక్కింది. అయితే స్కాట్ నుంచి మనవారు కోటలు, గుర్రాలు, వీరప్రేమలు ఎక్కువగా తీసుకున్నారనీ, జీనీ డీన్స్ లాంటి పేద రైతు పిల్లను మధ్యలో నిలబెట్టే ధైర్యాన్ని తక్కువగా తీసుకున్నారనీ నా అభిప్రాయం.

ఆయన లోపాలు ఏమిటి?

ఉన్నత వర్గపు కథానాయికలు చాలావరకు బొమ్మల్లా ఉంటారు. ముగింపులు తొందరపడి కట్టినట్టుంటాయి. రాజకీయంగా సంప్రదాయవాది, పోయిన వ్యవస్థ మీద కన్నీరు పెడుతూనే, కొత్త వ్యవస్థే మేలని చివర తీర్పు ఇస్తాడు. ఆ కొత్త వ్యవస్థ కొండ ప్రాంతపు రైతులను భూముల నుంచి తరిమిన సంగతి ఆయనకు తెలుసు. దానికి ఇవ్వవలసినంత చోటు నవలల్లో ఇవ్వలేదు.

ఏ నవలతో మొదలుపెట్టాలి?

కథ వేగం కావాలంటే ‘ఐవన్‌హో’ లేదా ‘రాబ్ రాయ్’. నా మాట వింటే ముందు ‘రెడ్‌గాంట్‌లెట్’లో గుడ్డి ఫిడేలు వాద్యగాడు విల్లీ చెప్పే దెయ్యం కథను విడిగా చదవండి, ఇరవై పుటల లోపే ఉంటుంది. కౌలు డబ్బు కట్టి రసీదు తీసుకోకముందే దొర చచ్చిపోతే, ఆ రసీదు కోసం చచ్చిన దొర దగ్గరికే వెళ్లవలసి వచ్చిన రైతు కథ అది. ఆ తరువాత ‘ఓల్డ్ మోర్టాలిటీ’, దాని వెనుక ‘ది హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్’. ‘వేవర్లీ’ని నాలుగోదిగా పెట్టుకోండి.

నవల రాయాలనుకునేవారు స్కాట్ పద్ధతిలో ఏ పనితో మొదలుపెట్టాలి?

ముందు వినండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎనభై దాటినవారు ఎవరున్నారో చూసి, వారి దగ్గర కూర్చుని, పెద్ద సంఘటనల గురించి కాకుండా ఆ రోజుల్లో ఏమి తిన్నారో, ఎంత దూరం నడిచారో, ఎవరంటే భయపడేవారో అడగండి. వారన్న మాటను వారన్నట్టే రాసుకోండి. ఆ తరువాత కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి మీ ఊరి కైఫీయత్తు ఉందేమో చూడండి. కైఫీయత్తులో ఉన్న పేరుకూ మీ జేజి చెప్పిన పేరుకూ తేడా వస్తే, రెండూ రాసిపెట్టుకోండి.